తారీఖు ఆగిపోయిన పలక

ఆ మధ్య విక్టర్‌కి పొద్దున లేవడమే బరువుగా ఉండేది. రోగం ఏమీ లేదు. ఎంత పడుకున్నా అలసట మాత్రం తీరేది కాదు. విజయనగరంలో కోట జంక్షన్ దగ్గర ఒక మందుల షాపు మీద వాళ్ళ ఆఫీసు. చిన్న కంపెనీ. ఎవరో రాసి వదిలేసిన వెబ్‌సైట్లనూ యాప్‌లనూ బాగుచేసి నడిపించడం వాళ్ళ పని. కొత్తగా కట్టేది తక్కువ, కారే చోట అతుకు వేసేది ఎక్కువ. యజమాని రమేష్‌బాబు మంచివాడే గానీ ఏ పని వచ్చినా "చిన్నదే" అంటాడు. ఆ మాట వినగానే విక్టర్‌కి మెడ పట్టేసేది.

అలాంటి చిన్న పనుల్లో ఒకటి పిల్లల బరువులు చూసే యాప్. సాలూరు పైన కొండ ఊళ్ళలో తల్లులకూ బిడ్డలకూ పనిచేసే ఒక సేవా సంఘానిది అది. సంఘం మనుషులు ఊరూరా తిరిగి పిల్లల్ని తూచి, పుట్టిన తేదీ, బరువు ట్యాబ్‌లో నొక్కుతారు. వయసుకు తగ్గ బరువుంటే పచ్చ రంగు వస్తుంది. కొంచెం తక్కువైతే పసుపు. బాగా తక్కువైతే ఎరుపు, దాంతోపాటు ఒక నంబరు. ఆ నంబరు ఉంటే సాలూరులో సంఘం నడిపే పోషణ కేంద్రంలో బిడ్డకు మంచం ఇస్తారు, తల్లికి రెండు పూటలా భోజనం పెడతారు.

ఆ సంఘంలో నర్సు కాంతం విక్టర్‌కి మేనత్త. మిషన్ ఆస్పత్రిలో రిటైరైన తరవాత ఇంట్లో కూర్చోలేక ఈ కొండలు ఎక్కే పని పెట్టుకుంది. ఒక ఆదివారం బొబ్బిలిలో చర్చి అయ్యాక, కాంతం అన్నగారింట్లో అందరూ భోజనాలకి కూర్చున్నప్పుడు ఆమె విక్టర్‌ని పట్టుకుంది.

"ఒరే విక్టరూ, ఆ యాపు నువ్వే సేసినావంట కదా?"

"చేసింది వేరేవాళ్ళు అత్తా. నేను చూసుకుంటన్నాను."

"ఏటి సూసుకుంటన్నావు? కొండెక్కి పిల్లగుంటని తూస్తాను, అన్నీ నొక్కుతాను. అది గిర్రున తిరుగుతానే ఉంటాది. పైన సిగ్నల్ లేదు కదా. కిందకి దిగినాక, తీరిగ్గా ఎరుపని సెప్తాది. అప్పుడికి నాను సాలూర్ల ఉంటాను, ఆ తల్లి కొండ మీదుంటాది. మళ్ళీ ఎక్కాల. ఎక్కినప్పుడికి ఆ తల్లి జీడితోటలోకి ఎల్లిపోద్ది. నా మోకాళ్ళు ఇనుప మోకాళ్ళేటిరా?"

విక్టర్ నవ్వలేదు. ఆమె చెప్పింది నిజం. లెక్క కట్టేది ట్యాబ్ కాదు. ఎక్కడో దూరాన ఉన్న సర్వర్ కడుతుంది. ఆ లెక్క కోసం ఎవరో ముందే రాసిపెట్టిన తయారు కోడ్ ఒకటి అక్కడ ఉంది. అలాంటివాటిని లైబ్రరీలు అంటారు. ఏ నెలకు ఎంత బరువుండాలో చెప్పే పెద్ద పెద్ద పట్టికలు దాని పక్కనే ఫైళ్ళలో ఉంటాయి. ట్యాబ్ అడుగుతుంది, సర్వర్ చెబుతుంది. మధ్యలో సిగ్నల్ లేకపోతే అడగడమూ లేదు, చెప్పడమూ లేదు.

మర్నాడు ఈ సంగతి రమేష్‌బాబుతో అంటే ఆయన కుర్చీ ఇటు తిప్పి, "సర్వర్లో ఉన్న లైబ్రరీనే తీసుకెళ్ళి ట్యాబ్‌లో పెట్టేయవోయ్. రెండు చోట్లా ఒకే భాష కదా. చిన్నదే" అన్నాడు.

భాష ఒకటే. కానీ ఆ కోడ్‌కి ట్యాబ్ పరాయి ఊరు. సర్వర్లో పెరిగిన కోడ్ కాబట్టి, లేవగానే ఫైలు తెరవబోయేది. ట్యాబ్‌లో యాప్ నడిచేది బ్రౌజర్ లోపల, అక్కడ అలా తెరవడానికి ఫైళ్ళుండవు. మొదటి వరసలోనే చతికిలబడింది. విక్టర్ ఆ పట్టికలన్నిటినీ కోడ్‌లోనే కలిపేశాడు. లేచింది గానీ, తన కింద మరో లైబ్రరీ ఉండాలంది. దాని కింద ఇంకొకటి. సర్వర్లో ఉన్నప్పుడు అడక్కుండానే దొరికినవన్నీ ఇప్పుడు ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టింది. అన్నిటినీ ఒక మూటగా కట్టే పనిముట్టు ఉంది. దాంతో కడితే మూట ఎంత లావైందంటే, సంఘం వాళ్ళ పాత ట్యాబ్‌లో తెర తెల్లగా వెలిగి అలాగే ఉండిపోయింది. అక్కర్లేనివి కోశాడు. కోసిన చోట ఇంకేదో తెగింది. దాన్ని అతికాడు. ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చుంటే కళ్ళ ముందు ఆ తెల్ల తెరే కనిపించేది. ఎవరు పలకరించినా ఒక్క ముక్కలో జవాబు చెప్పేవాడు.

చివరికి ఒక మధ్యాహ్నం, ఆఫీసులో నెట్ తీసేసి నొక్కి చూస్తే ట్యాబ్ వెంటనే పసుపు చూపించింది. సర్వర్‌ని అడిగినా అదే పసుపు. పాత లెక్కలు చాలా తీసి పోల్చి చూశాడు. అన్నీ కలిశాయి. సంతోషం రావాలి. విక్టర్‌కి మాత్రం బల్ల మీద తల పెట్టుకుని పడుకోవాలనిపించింది.

ఏప్రిల్‌లో సాలూరు వెళ్ళి, సంఘం ఆఫీసులో ఉన్న ట్యాబ్‌లన్నిటిలో కొత్త యాప్‌ని కేబుల్‌తో ఎక్కించాడు. ఒకటి దసరా నుంచీ బీరువాలో చార్జింగ్ లేకుండా పడి ఉంది. దాన్నీ చార్జింగ్ పెట్టి, దానిలోనూ ఎక్కించాడు. మర్నాడు పొద్దున కాంతం చేతికి అందింది ఆ ట్యాబే. ఎలా పనిచేస్తుందో కళ్ళారా చూద్దామని విక్టర్ కూడా ఆమెతో బయలుదేరాడు.

పనసవలస అన్న కొండ ఊరికి సగం దూరం ఆటో, మిగతాది నడక. కాంతం ఒక చేత్తో మోకాలు అదుముకుంటూ, రెండో చేత్తో గొడుగు పట్టుకుని ఎక్కింది. తూకం సంచీ విక్టర్ భుజాన ఉంది. దారి పొడుగునా జీడిపళ్ళ వగరు వాసన. ఊళ్ళో మగవాళ్ళు పెద్దగా లేరు. ఆడవాళ్ళు చాలామంది జీడిపిక్కలేరడానికి వెళ్ళిపోయారు. గురమ్మ కూడా తట్ట నెత్తిన పెట్టుకుని బయలుదేరబోతూ, వీళ్ళని చూసి ఆగింది.

గురమ్మ పాతికేళ్ళ లోపు మనిషి. మొగుడు రాముడు సాలూరు లారీ మీద క్లీనరు. రాయపూర్ వైపు లోడుకి వెళ్తే ఎప్పుడొస్తాడో చెప్పలేడు. ఇంట్లో అత్త గున్నమ్మ, అయిదేళ్ళ కొడుకు, చంకలో ఆడపిల్ల శ్రావణి. పిల్ల కళ్ళు పెద్దవి. విక్టర్ని చూసి ఏడవలేదు, నవ్వలేదు. తల్లి భుజం మీద చెంప ఆన్చి చూస్తూ ఉండిపోయింది.

"బేగి తూసీండమ్మా, ఎండెక్కిపోతన్నాది" అంది గురమ్మ.

తూకం ఆరున్నర కిలోలు చూపించింది. కార్డు మీద ఉన్న పుట్టిన తేదీ చూసి కాంతం నొక్కింది. గిర్రున తిరగలేదు. ఆగలేదు. తెర నిండా పచ్చ.

"ఒరే, వచ్చేసిందిరా!" అంది కాంతం. ఆమె మొహంలో అంత వెలుగు విక్టర్ ఈ మధ్య చూడలేదు. గురమ్మ వైపు తిరిగి, "బాగుందమ్మా నీ పిల్ల. భయం లేదు" అంది.

గురమ్మ తల ఊపి, పిల్లని అత్త చేతికిచ్చి, తట్ట అందుకుంది. అప్పుడు గున్నమ్మ తెర వైపు మెడ సాచి, "అందులో ఇంకేటి రాసున్నాది బాబూ?" అని అడిగింది.

విక్టర్ చదివాడు. "పేరు శ్రావణి. బరువు ఆరున్నర. వయసు ఎనిమిది నెలలు."

"ఎనిమిదేటి? ఏడాది దాటిపోయి రెండు నెల్లవుతన్నాది. మొన్న శివరాత్రికే ఏడాది నిండినాది."

విక్టర్ కార్డు తీసుకుని వేళ్ళ మీద లెక్కపెట్టాడు. గున్నమ్మ చెప్పిందే సరి. మరి ఎనిమిది ఎక్కణ్ణించి వచ్చింది? తెర పైన మూలకి చూశాడు. చిన్న అక్షరాల్లో ఉన్న తారీఖు అక్టోబరుది.

బీరువాలో చార్జింగ్ అయిపోయిన రోజు దగ్గరే ఆ ట్యాబ్ గడియారం ఆగిపోయింది. మళ్ళీ వెలిగించగానే ఆగిన చోటి నుంచే నడక మొదలుపెట్టింది. ఇన్నాళ్ళూ లెక్క సర్వర్లో జరిగేది. సర్వర్ గడియారం ఎప్పుడూ సరిగ్గా ఉండేది కాబట్టి, ఈ రోజు తారీఖేమిటని ఎవరూ అనుమానించే పని రాలేదు. లైబ్రరీ రాసినవాళ్ళకీ రాలేదు. విక్టర్ దాన్ని మోసుకొచ్చి ఇక్కడ పెట్టాడు. అన్నీ పోల్చి చూసిన మనిషి, గడియారం సంగతి తలచుకోలేదు. ఉన్న వయసుకంటే ఆరు నెలలు చిన్నదనుకుని ట్యాబ్ ఈ పిల్లని చూసింది. అన్యాయం ఏమిటంటే, పిల్ల కూడా చూడ్డానికి ఎనిమిది నెలల పిల్లలాగే ఉంది.

విక్టర్ తారీఖు సరిచేసి మళ్ళీ నొక్కాడు. తెర ఎర్రగా మారింది.

కాంతం సంచీలోంచి టేపు తీసి పిల్ల జబ్బకి చుట్టి చూసింది. జబ్బ మరీ సన్నగా ఉంది. టేపు మడిచి పెట్టేసింది. అప్పటికే గురమ్మ నాలుగడుగులు వేసింది. కాంతం వెనక్కి పిలిచి చెప్పింది. పిల్లకి బలం చాలదు, కేంద్రానికి రావాలి, రెండు వారాలు ఉండాలి.

గురమ్మ తట్ట దించలేదు. "ఇందాకేటన్నావమ్మా? బాగుందన్నావు. భయం లేదన్నావు."

"అన్నానమ్మా. ఆ పలక తప్పు సెప్పినాది."

"మరి ఇప్పుడు సెప్పింది ఒప్పని ఎవుల్సెప్పినారు?"

కాంతం విక్టర్ వైపు చూసింది. విక్టర్ ముందుకొచ్చాడు. "అమ్మా, తప్పు నాది. దీంట్లో తారీఖు ఆగిపోయింది. నేను చూసుకోలేదు. పిల్ల వయసు తక్కువ అనుకుని బాగుందని చెప్పింది. ఇప్పుడు సరిచేశాను."

గురమ్మ అతన్ని కోపంగా చూడలేదు. అదే అతనికి ఇంకా కష్టమనిపించింది. రోజంతా ఎండలో తిరగబోయే మనిషి, పొద్దున్నే ఇంకో బరువు నెత్తిన పడితే ఎలా చూస్తుందో అలా చూసింది.

"నువ్వు సూసుకోలేదు. రేపు ఇంకేటో సూసుకోలేదంటావు. నాను రెండు వారాలు కిందకొచ్చి కూకుంటే పిక్కలెవులేర్తారు? పెద్దోడికి కూడెవులొండుతారు? ముసల్దానికి కళ్ళు అగుపడవు. ఆడు రానీ, అడిగి సెప్తాను."

"గురమ్మా, ఆడొచ్చినాక అంటే..."

"ఆడు రానీ అమ్మా."

అంతే. తట్ట సర్దుకుని తోటవైపు వెళ్ళిపోయింది. గున్నమ్మ పిల్లని ఒళ్ళో వేసుకుని గుమ్మంలో కూర్చుంది. "నాను సెప్తాను దానికి. ఇప్పుడు ఇనదు" అని మాత్రం అంది.

దిగేటప్పుడు ఒక బండ మీద కాంతం కూర్చుని నీళ్ళు తాగింది. విక్టర్ ఎదురుగా నిలబడ్డాడు.

"తిట్టు అత్తా."

"తిట్టి ఏటి సేస్తాను? ఇన్నేళ్ళుగా కొండెక్కుతన్నాను. ఈ మందేసుకో, ఆ టీకా ఏయించుకో అంటే ఎందుకని అడక్కుండా సెయ్యి సాపింది ఈ ఊళ్ళో ఆ ఒక్కత్తే. ఇప్పుడు అది కూడా అడిగినాది." ఆమె సీసా మూత బిగించింది. "అడగడం తప్పు కాదులే. కానీ నాకు ఓపిక లేదురా. రేపు మళ్ళీ ఎక్కాల."

మర్నాడు కాంతం ఎక్కింది. గురమ్మ తోటలో ఉంది, పలకలేదు. ఆ తరవాతి రోజు మోకాలు వాచి ఎక్కలేకపోయింది.

విజయనగరంలో విక్టర్ జరిగిందంతా రమేష్‌బాబుకి చెప్పాడు. ఆయన విని, "ట్యాబ్‌లో తారీఖు తప్పైతే అది ట్యాబ్ వాళ్ళ తప్పు. మన కోడ్‌ది కాదు కదా" అన్నాడు.

"సర్వర్లో ఉన్నంతకాలం దానికి అన్నీ అమరి ఉండేవి సార్. అక్కణ్ణించి లాక్కొచ్చి కొండమీద కూర్చోబెట్టింది మనం. అక్కడ ఏముంటాయో ఏముండవో దానికేం తెలుసు? మనం చూసుకోవాలి."

"సరే. ఏం చేద్దామంటావు? చిన్నదేనా?"

"చిన్నదే" అన్నాడు విక్టర్. ఆ మాట తన నోట్లోంచి రావడం విని తనకే నవ్వొచ్చింది. ఆ వారంలో అతను నవ్వింది ఆ ఒక్కసారే.

నిజంగా చిన్నదే. రంగు చూపించే ముందు యాప్ ఇప్పుడు రెండు ప్రశ్నలు అడుగుతుంది. ఈ రోజు తారీఖు ఇదేనా అని మొదటిది. పిల్ల వయసు ఇన్ని నెలలు, తల్లిని అడిగారా, ఒప్పుకుందా అని రెండోది. రెండిటికీ అవునంటేనే రంగు. ప్రశ్నలు పెద్ద అక్షరాలతో తెర మధ్యలో పెట్టాడు. సంఘం వాళ్ళు ఇది నస అంటారని తెలుసు. అయినా తీయలేదు.

అది పట్టుకుని సాలూరు బస్సెక్కబోతుంటే కాంతం ఫోన్.

"గురమ్మ దిగిపోయిందిరా. రాత్రి గుంటకి జొరం కాసి, పాలు తాగడం మానేసినాదంట. తెల్లారేసరికి గున్నమ్మే తరిమినాదంట. పెద్దోణ్ణీ తోటనీ నాను సూస్తాను, నువ్వు పో అని. ఊళ్ళో ఎవులిదో మోటారుసైకిలు ఎక్కించి పంపినాది. కేంద్రంలోనే ఉన్నారు. డాక్టరుగారు సూసి సెలైన్ పెట్టినారు."

"ఎలా ఉంది?"

"ఉన్నాది" అంది కాంతం.

విక్టర్ వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. కేంద్రం పాత పెంకుటింట్లో ఉంది. పొడుగాటి గదిలో వరసగా మంచాలు. చివరి మంచం మీద శ్రావణి, చేతికి గుడ్డ చుట్టి సూది. గురమ్మ నేల మీద గోడకి జారబడి కూర్చుని ఉంది. జుట్టు కూడా దువ్వుకోలేదు. విక్టర్ని చూసి లేవబోతే, వద్దని చేత్తో సైగ చేసి తనూ నేల మీదే కూర్చున్నాడు.

అతను ఏదో అనాలనుకుని వచ్చాడు. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాడు. తన తప్పు వల్ల ఈ పిల్ల ఇన్ని రోజులు కొండమీదే ఉండిపోయింది అని. తీరా ఆమె ఎదురుగా కూర్చున్నాక, ఆ మాటలు చెప్పుకుంటే తనకి తేలిక అవుతుంది గానీ ఆమెకేమీ ఒరగదనిపించింది.

జ్వరం తగ్గాక రెండు వారాలు ఇక్కడే ఉంచాలంటే నంబరు కావాలి. కొండమీద వచ్చిన నంబరు గడువు దాటిపోయింది. కాంతం ట్యాబ్ తెచ్చి అతని చేతిలో పెట్టింది. విక్టర్ కొత్త యాప్ ఎక్కించి, పిల్ల వివరాలు నొక్కి, తెర గురమ్మ వైపు తిప్పాడు.

"అమ్మా, ఇది ఈ రోజు తారీఖు అంటోంది. సరేనా?"

గురమ్మ గోడ మీద క్యాలెండర్ వైపు చూసింది. కాంతాన్ని చూసింది. "సరే."

"పిల్లకి పధ్నాలుగు నెలలంటోంది."

ఆమె వెంటనే చెప్పలేదు. పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకుంది. "పధ్నాలుగే. నిండినాయి."

"అయితే ఇక్కడ నొక్కండి."

గురమ్మ వేలు చీరకి తుడుచుకుని నొక్కింది. ఎరుపు వచ్చింది. కింద నంబరు. ఆమె ఆ రంగుని కాసేపు చూసి, "దీనికోసమేనా ఆ రోజు అంత గోల" అంది. అని, మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చింది. కాంతం పక్కన చతికిలబడి ఆమె వీపు నిమురుతూ కూర్చుంది. వాచిన మోకాలు ముడవడం కష్టమైనా లేవలేదు.

మొదటి వారం శ్రావణి సీసాడు పాలు కూడా నిలుపుకోలేదు. రెండో వారం గిన్నె చప్పుడైతే తల తిప్పడం మొదలుపెట్టింది. రాముడు రాయపూర్ నుంచి వచ్చి, లారీ యార్డులోంచి నేరుగా కేంద్రానికి నడిచొచ్చాడు. మంచం పక్కన నిలబడి, తన వేలిని పిల్ల పట్టుకుంటే అలాగే ఉండిపోయాడు. తోటలో సగం పిక్కలు పందులూ ఉడుతలూ తినేశాయని గున్నమ్మ కబురు పంపింది. గురమ్మ విని, పోతే పోనీ అంది.

వాళ్ళు ఇంటికి బయలుదేరే రోజున విక్టర్ సాలూరులోనే ఉన్నాడు. మిగతా ట్యాబ్‌లలో గడియారాలు చూడ్డానికి వచ్చాడు. తూకం ముందుకంటే మెరుగు. రంగు పసుపు. పచ్చ కాదు. పచ్చకి ఇంకా చాలా దూరం ఉంది. ప్రతి నెలా తీసుకురావాలని కాంతం చెబుతుంటే గురమ్మ వింటోంది.

"రాకపోతే నాను ఎక్కలేనే తల్లీ. నువ్వే దిగాల."

"దిగుతానమ్మా" అంది గురమ్మ. విక్టర్ వైపు చూసి, "వత్తాను బాబూ" అని పిల్లని చంకనెత్తుకుని రాముడి వెనక ఆటో ఎక్కింది. క్షమించినట్టా అంటే, అతనికి తెలియలేదు. అడిగే మాట కాదు.

మధ్యాహ్నం విజయనగరం బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. రామభద్రపురం దాటకముందే రమేష్‌బాబు ఫోన్ చేశాడు. సంఘం వాళ్ళు ఆ యాప్ బాగుందన్నారట. టీకాల లెక్క కూడా సర్వర్ నుంచి తీసి ట్యాబ్‌లో పెట్టమంటున్నారట.

"సోమవారం చూస్తాను సార్" అన్నాడు విక్టర్. "ముందు ఒకసారి పైకెళ్ళి, అక్కడ ఏముంటాయో ఏముండవో చూసొచ్చి మొదలుపెడతాను."

ఆయన ఇంకేదో అంటుండగా సిగ్నల్ పోయింది. విక్టర్ మళ్ళీ చెయ్యలేదు. ఫోన్ జేబులో పెట్టుకుని, వేడిగాలికి కళ్ళు మూసుకున్నాడు. గజపతినగరంలో బస్సు చాలాసేపు ఆగింది. పల్లీలమ్మేవాళ్ళు ఎక్కారు, దిగారు. అతను లేవలేదు. విజయనగరం కాంప్లెక్స్‌లో అందరూ దిగిపోయాక కండక్టరు వచ్చి భుజం తట్టాడు.